ఆధారాలు ఎవరు రాస్తారు?

మా పాలెంలో పేపరు చదివేవాళ్ళు లేరు గానీ మాటల ముడి విప్పేవాళ్ళు ఇంటికి ఇద్దరు ఉండేవాళ్ళు. మాది నెల్లూరు జిల్లా అల్లూరు తూర్పు దిక్కు. ఆ దిక్కున ఉండేది బకింగ్‌హాం కాల్వ, ఇస్కపల్లి ఉప్పు కయ్యలు, ఆ పైన సముద్రం. నాట్ల కాలంలో వరి కయ్యల్లోకి, ఎండాకాలంలో ఉప్పు కయ్యల్లోకి మా ఆడోళ్ళు కూలికి పోయేవాళ్ళు. వంచిన నడుం ఎత్తకుండా పొద్దుగూకులూ పని చెయ్యాలంటే నోరు ఆడతా ఉండాలి. పాట ఉండేది. పాట అయిపోతే పొడుపు కథ. నీళ్ళల్లోనే పుడతది, నీళ్ళు పడితే చస్తది, ఏందది? ఉప్పు. ఆ పొడుపు వేసిన మనిషి కాళ్ళు ఆ ఉప్పులోనే నాని పుండ్లు పడి ఉండేవి.

ఇంకో రకం మాటలు కూడా ఉండేవి. అవి ఆటకి కాదు, బతకడానికి. ఆసామి గెనెం మీద వస్తా ఉంటే ముందు చూసినామె "ఎండ ఎక్కతా ఉంది మేయ్" అనేది. అంతే, మాటలు ఆగిపోయి చేతులు ఆడేవి. ఆయన పోతే "మబ్బు పట్టింది" అనేవాళ్ళు. గ్రామ మునసబుని మా పిలకాయలం తిరగేసి పిలిచేవాళ్ళం. మునసబుని చివర్నించి ఒక్కో అక్షరం చదవండి. బుసనము. పాము బుస అందులోనే ఉంది. ఆయన ఎదురుగానే "బుసనము వచ్చింది" అంటే ఆయనకు అర్థం కాదు, మాకు నవ్వు ఆగదు. 1984లో ప్రభుత్వం మునసబు, కరణం ఉద్యోగాలు తీసేసింది. ఉద్యోగం పోయింది గానీ ఆ పేరు మాత్రం మా వాడలో చాలా కాలం బతికింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మాటని తిరగెయ్యడం, విరగ్గొట్టడం, ఒక మాటలో ఇంకో మాట దాచడం నేను చదువుకుని నేర్చుకున్న విద్య కాదు. ఆ విద్యకి కాగితం మీద గళ్ళు కడతారనీ, దానికి బహుమతులిస్తారనీ మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు బోండాలు కట్టిచ్చిన పొట్లం కాగితం మీద నల్లగళ్ళూ తెల్లగళ్ళూ కనపడినాయి. నూనె ఇంకి, ఒక మూల చిరిగిపోయిన కాగితం. అడ్డం, నిలువు అని రెండు వరసలు. నిలువు ఆధారాల్లో సగం లేవు. హాస్టల్లో ఇంటర్ చదివే ఒక అన్న దాన్ని చూసి, "రేయ్, ఇది పారెయ్యబాక, ఇది పదకేళి" అన్నాడు. ఒక తెల్లగడిలో ఒక అక్షరమే రాయాలనీ, గుణింతమైనా ఒత్తైనా సున్నా అయినా ఆ అక్షరంతోనే పోతుందనీ, అడ్డం మాటా నిలువు మాటా కలిసే గడి రెండింటికీ సరిపోవాలనీ చెప్పాడు. ఆధారాలు చిరిగిపోయిన మాటల్ని కూడా పక్క మాటల్తో పట్టుకోవచ్చని చూపించాడు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. లేనిదాన్ని ఉన్నదాంతో పట్టుకోవడం మా ఇళ్ళల్లో రోజూ చేసే పనే గదా అనిపించింది.

ఈ గళ్ళ ఆట మనది కాదు. 1913 డిసెంబరు 21న న్యూయార్కులో ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో ఆర్థర్ విన్ అనే ఆయన మొదటిది వేశాడు. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర లాంటి కవులు కూడా సరదాపడి కట్టారు. పదబంధ ప్రహేళిక అన్నారు, గళ్ళ నుడికట్టు అన్నారు. ఇంగ్లీషులో ఒక్కో గడికి ఒక్కో లెటరు. మనకి ఒక్కో అక్షరం. "లక్ష్మి" అంటే రెండే గళ్ళు. అందుకే తెలుగు గళ్ళల్లో మాట పొట్టిగా కనిపించినా లోపల బరువుంటుంది.

ఆధారాల్లో సూటివి ఉంటాయి, మెలిక పెట్టినవి ఉంటాయి. "తల తిరిగితే తీగ" అంటే లత. తలని తిరగెయ్యడమే. "కలకలంలో రాసే పనిముట్టు" అంటే కలం. అల్లరి మాటలోనే దాక్కుని ఉంది. "ఎటు చదివినా కవే" అంటే వికటకవి. ఇలాంటివి నాకు చిటికెలో వచ్చేవి. అక్కడ కావలసింది పుస్తకం కాదు, మాట మీద అనుమానం. మాట పైకి ఒకటి చెప్తా ఉంటే లోపల ఇంకోటి ఉంటుందని అనుమానించడం. పెద్దకులాల వాళ్ళు "ఏరా బాగుండావా" అని ప్రేమగా అడిగితే దాని వెనక ఏ వెట్టి ఉందోనని మా నాయన ఆలోచించేవాడు. ఆ బుర్రే నాకొచ్చింది.

పద్యాల ఆధారాలు మాత్రం గోడల్లా ఉండేవి. ఒక పద్యం పాదం సగం ఇచ్చి మిగతాది పూరించమంటారు. ఇంట్లో తాత భాగవతం చదివితే విన్న పిలకాయలకు అది నోటికి వస్తుంది. మా తాత భాగవతం చదవలేదు, చెరువు కట్టకు మట్టి మోశాడు. "కవిబ్రహ్మ, మన నెల్లూరువాడే" అంటే తిక్కన అని స్కూల్లో చదివి తెలుసు. అంతకు మించి పోతే చీకటి. అప్పుడు పంతం పట్టి నేర్చుకున్నాను. శతకాలు బట్టీ పట్టాను. ఛందస్సు నేర్చుకున్నాను. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ, యతి పదో అక్షరం. చంపకమాలకు న జ భ జ జ జ ర, యతి పదకొండో అక్షరం. తెలుగు మాస్టారు బోర్డు మీద ఆ పేర్లు రాసినప్పుడు క్లాసులో వెనక బెంచీల్లోంచి కిసుక్కుమని నవ్వు వచ్చింది. ఎందుకో మీకు తెలుసు. ఆ రెండు పేర్ల చివరా ఉన్నది మా కులం పేరు. పద్యానికి తగిలిస్తే అది పూలదండ. మాకు తగిలిస్తే తిట్టు.

1985 వేసవి దాటి వానలు మొదలైన రోజులు. నేను ఇంటర్‌లో చేరి ఉన్నాను. జులై 17న కారంచేడులో మాదిగల్ని తరిమి తరిమి నరికి చంపారు. ఆ వార్తలు పేపర్లనిండా వస్తున్న వారాలే అవి. ఊళ్ళో టీ అంగడి దగ్గర పేపరు వచ్చేది. బల్ల మీద కూర్చునేది ఊరోళ్ళు. మేం పందిరి గుంజ దగ్గర నిలబడాలి. మా గ్లాసులు వేరేగా చూరులో ఉండేవి. ఆ ఆదివారం నలుగురు కుర్రాళ్ళు పేపరు తెరిచారు. మొదటి పేజీలో కారంచేడు. దాన్ని లోపలికి మడిచేసి గళ్ళ పేజీ పైకి పెట్టుకున్నారు. ఒకడు ఆధారాలు చదువుతున్నాడు, మిగతావాళ్ళు చెప్తున్నారు. రెండు మూడు చోట్ల ఇరుక్కుపోయారు. గుంజ దగ్గర్నించి నేను చెప్పాను. ఒకడు తలెత్తి చూశాడు, రాసుకున్నాడు. ఇంకోటి చెప్పాను, అదీ రాసుకున్నాడు. నా మాట బల్ల దాకా పోయింది, నేను మాత్రం గుంజ దగ్గరే ఉన్నాను.

అప్పుడు వచ్చింది ఆ ఆధారం. "పూలదండ, రెండక్షరాలు." మొదటివాడు "దండ" అన్నాడు. నిలువు మాటతో కుదరలేదు. రెండోవాడికి తట్టింది. తట్టినట్టు మొహం చెప్పింది. పైకి అనలేదు, నా వైపు చూశాడు. మిగతా ముగ్గురూ చూశారు. "ఆడ నిలబడుండాది గదరా సమాధానం" అన్నాడు. నవ్వులు. టీ కొట్టే ఆయన కూడా నవ్వాడు. నేను గ్లాసు కడిగి చూరులో పెట్టి, "మా, ల. రాసుకో. దీర్ఘం మర్చిపోబాక" అని చెప్పి వచ్చేశాను. వాళ్ళకది ఒక గడి నిండడం. నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు. కారంచేడులో కత్తులు పట్టింది వేరే వాళ్ళు కావచ్చు. మడిచేసిన మొదటి పేజీకీ, పైకి పెట్టుకున్న ఆ నవ్వుకీ సంబంధం లేదని మాత్రం నాకెవరూ నచ్చచెప్పలేరు.

సెలవలకి ఇంటికి పోయినప్పుడు ఆధారాలు మా అమ్మకి చదివి వినిపించేవాణ్ణి. ఆమెకు అక్షరం రాదు. మొక్కల పేర్లు, చేపల పేర్లు, పనిముట్ల పేర్లు నాకంటే ముందే చెప్పేది. ఒకసారి "పొలానికి హద్దు, రెండక్షరాలు" అని వచ్చింది. "గెనెం" అనింది అమ్మ, చేట కింద పెట్టకుండానే. రెండక్షరాలే. అర్థం సరిపోయింది. కానీ నిలువు మాట మొదటి అక్షరం గ, గె కాదు. జవాబు గట్టు.

"గట్టంట మా" అన్నాను.

"గట్టు చెరువుకి గదరా అబ్బయా. కయ్యకి గెనెం."

"పేపర్లో గట్టే అంటారు. గెనెం మన యాస."

అమ్మ కాసేపు బియ్యం చెరిగి, "ఆ గెనాల మీద నడిచి నడిచి కాళ్ళు పగిలింది నాకు. దానికి పేరు పెట్టేది మాత్రం వోళ్ళా?" అనింది.

నేను ఎం.ఏ. దాకా చదివినా ఇంతకంటే సూటి ప్రశ్న ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఈ ప్రశ్న పట్టుకునే నిఘంటువుల్లోకి పోయాను. 1885లో వచ్చిన శబ్దరత్నాకరం, 1936లో మొదటి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు, ఈ రెండూ కావ్యాల్లో ఉన్న మాటకే పెద్దపీట వేశాయి. కవి రాస్తే మాట, కూలోడు పలికితే గ్రామ్యం. అంతకు ముందే, 1852లో, బ్రౌన్ దొర తన నిఘంటువులో జనం నోట్లో ఉన్న మాటలు ఎన్నో చేర్చాడు. పరాయివాడికి పట్టిన మాట మనవాళ్ళకు పట్టలేదు. 1962లో మాత్రం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం వేసింది. మొదటి సంపుటమే వ్యవసాయం. ఊరూరా తిరిగి సేద్యగాళ్ళ నోటిమాటలు ప్రాంతాల వారీగా పోగుచేశారు. ఆ పుస్తకం లైబ్రరీలో చేతికొచ్చిన రోజు మా అమ్మా నాయనా అక్షరాల్లో కనిపించినట్టయింది. కానీ గళ్ళు కట్టే పెద్దమనుషుల బల్ల మీద ఉండేది ఆ పుస్తకం కాదు. వాళ్ళు మా మాట ఎప్పుడైనా వాడితే పక్కన తోక తగిలిస్తారు: "గ్రామ్యంలో", "మోటుగా", "పల్లెటూరివాడి భాషలో". వాళ్ళింటి మాటకి మాత్రం "అగ్రహారం భాషలో" అని తోక ఉండదు.

డిగ్రీలో ఉండగా ఒక వారపత్రిక బహుమతి పదకేళికి వారం వారం పంపేవాణ్ణి. అన్నీ సరిగా రాసిన వాళ్ళల్లో లాటరీ తీసి పాతిక రూపాయలు ఇచ్చేవాళ్ళు. ఒకవారం ఆధారం ఇదీ: "పరమ అసహ్యం, మూడక్షరాలు." అడ్డం మాటల్తో మధ్య గడిలో "డా" పడింది. చండాలం. ఎవరూ ఆలోచించకుండా రోజూ వాడే మాటే. కూర చెడిపోతే చండాలం, సినిమా బాగాలేకపోతే చండాలం. చండాలుడంటే ఎవడు? మనుస్మృతి పదో అధ్యాయం చెప్తుంది. శూద్రుడికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాడంట, ఊరి బయట బతకాలంట, శవాల మీద గుడ్డలు కట్టుకోవాలంట. మనిషికి పెట్టిన ఆ పేరే రోతకి పేరయింది. కులం పేరు పెట్టి పదిమందిలో అవమానిస్తే నేరమని 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఆ పేరే తిట్టుగా మారి నిఘంటువులో కూర్చుంటే ఏ స్టేషన్లో కేసు పెట్టాలి?

ఆ మూడు గళ్ళూ ఖాళీగా వదిలేశాను. మిగతా అన్నీ నింపి, పక్కన రాశాను: "సమాధానం తెలుసు. రాయను. ఇది మా తాతముత్తాతల పేరు." కూపన్ పోస్టు చేశాను. జవాబు రాలేదు. రెండు వారాల తర్వాత సమాధానాల గళ్ళల్లో ఆ మాట నిక్షేపంగా అచ్చయింది. ఆ పాతిక రూపాయలు నాకు అవసరమే. అయినా ఇప్పటికీ ఆ మూడు ఖాళీ గళ్ళే నేను సరిగ్గా చేసిన పూరణ అనుకుంటాను.

పేర్ల మీద ఈ కొట్లాట నాతో మొదలవలేదు. కోకిల పంచమస్వరంలో పాడుతుందని కవులు మురిసిపోతారు. అదే మాటని మనిషికి పెట్టి పంచముడంటే నాలుగు వర్ణాలకూ బయటవాడని. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ అని పిలిచి జనాన్ని పోగేశారు. భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడు. ఆ సభలోనే మేం పంచములం కాదు, ఈ నేలకి మొదటివాళ్ళం అని ఆది ఆంధ్ర అనే పేరు పెట్టుకున్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం కాగితాల్లో కూడా ఆ పేరు ఒప్పుకుంది. ఆధారం వాళ్ళు ఇచ్చారు, జవాబు మనవాళ్ళు మార్చారు. గుర్రం జాషువా 1941లో గబ్బిలం రాశాడు. మేఘాలూ హంసలూ రాయబారాలు మోసే కావ్యలోకంలోకి గుళ్ళో తలకిందులుగా వేలాడే గబ్బిలాన్ని పంపించాడు. గుడి లోపలికి మనిషికి దారిలేదు, దానికుంది. "తలకిందుల రాయబారి, మూడక్షరాలు" అని నేనొక ఆధారం రాసుకున్నాను. నేను రాసిన మొదటి ఆధారం అదే.

1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. మా పాలెంలో రాత్రిబడికి నన్ను వాలంటీరుగా పెట్టారు. లాంతరు, నల్లబల్ల, పదహారు మంది ఆడోళ్ళు. పగలంతా కూలిచేసి వచ్చిన వాళ్ళకి అ ఆలు దిద్దమంటే కునికిపాట్లు పడేవాళ్ళు. ఒకరోజు బల్ల మీద గళ్ళు గీశాను. అడ్డంగా "కయ్య" రాశాను. "ఈ క కిందనించి నిలువుగా ఇంకో మాట రావాల. మూడక్షరాలు. కయ్యలో మీరు పీకేది" అన్నాను. "కలుపు!" అని నలుగురు ఒక్కసారే అరిచారు. క, లు, పు. "ఇప్పుడు ఈ పు నించి అడ్డంగా ఇంకోటి, మూడక్షరాలు. కూలి డబ్బులొచ్చిన రోజు పొయ్యి మీద ఉడికేది." పులుసు. ఇక నిద్ర ఎవరికి? పలకలు పట్టుకుని వాళ్ళే గళ్ళు గీసుకున్నారు. ఇక్కడ గెనెం గెనెమే. గె కిందనించి గెల దిగింది, అరటి గెల. ఎవరూ గ్రామ్యం అనలేదు.

తర్వాత పాఠాల్లో సారా ప్రస్తావన వచ్చింది. ఆ మాట బల్ల మీద రాశాను. నాకు పెద్దమ్మ వరసయ్యే ఒకామె, మొగుడి తాగుడుకి సగం చచ్చిన మనిషి, దాన్ని కూడబలుక్కుని చదివింది. "సా...రా." కాసేపు చూసి, మాకలవాటయిన పద్ధతిలో చివర్నించి చదివింది. "రా...సా." మళ్ళీ చదివింది. "ఒరే అబ్బయా, తిరగేస్తే రాసా అని వస్తా ఉందిరా. నేను రాసా!" అనింది. బడంతా చప్పట్లు. నేను వెయ్యి ఆధారాలు విప్పి ఉంటాను. పేరుమోసిన పండితులు కట్టిన గళ్ళు నింపాను. ఇంత గొప్ప మాటల మెలిక ఎక్కడా చూడలేదు. అక్షరాలొచ్చి నాలుగు నెలలైన మనిషి కనిపెట్టింది.

1992లో దూబగుంట ఆడోళ్ళు సారా అంగడి మూయించారు. ఆ మంట జిల్లా అంతా పాకి రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1నించి సారా నిషేధం వచ్చింది. ఆ పెద్దమ్మ కూడా కొంగు బిగించి పాటగాళ్ళకి అడ్డం నిలబడింది. గళ్ళే సారాని ఆపాయని నేను చెప్పను. కానీ ఒక మాటని తిరగెయ్యగలనని తెలిసిన మనిషికి ఒక అంగడిని తిరగెయ్యగలననే ధైర్యం రావడంలో ఆశ్చర్యం లేదు.

పల్లె బళ్ళో ఇన్నేళ్ళుగా పంతులుగా ఉన్నాను. శనివారం ఆఖరి పీరియడు గళ్ళకే. పిలకాయలు వాళ్ళ ఇళ్ళల్లోంచి మాటలు తెస్తారు. ఉప్పు కయ్యల మాటలు, వలల మాటలు, డప్పు మాటలు, చెప్పులు కుట్టే మాటలు. యానాది పిలకాయలు తెచ్చే చేపల పేర్లు నాక్కూడా తెలియవు, అడిగి రాసుకుంటాను. ఏ మాటకీ పక్కన తోక పెట్టనివ్వను.

విద్యార్థులకూ కార్యకర్తలకూ ఒకటే మాట. గళ్ళు నింపేవాడు ఎంత తెలివిగలవాడైనా ఆధారం రాసినవాడు గీసిన గీత లోపలే తిరుగుతాడు. పరీక్ష పేపరైనా, నిఘంటువైనా, చరిత్ర పుస్తకమైనా అంతే. మనకు నింపడం వచ్చునని చాలాసార్లు నిరూపించాం. ఇంక నిరూపించేది లేదు. ఆధారాలు మనం రాయాల. ఇదుగో, పోయిన శనివారం నా క్లాసుకి నేనిచ్చింది. "ఉత్పలానికి తోక, మా పల్లెకు తల. రెండక్షరాలు." పాలెం పిల్ల ఒకతె అందరికంటే ముందు లేచి జవాబు గట్టిగా చెప్పింది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఊరి పిలకాయలు కూడా పలక మీద రాసుకున్నారు, దీర్ఘం మర్చిపోకుండా.